ఒకే జన్యువులు, ఒకే కడుపు. మరి షుగర్ నాకొక్కడికే ఎందుకొచ్చింది?

రెండోవాడు

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈసారి రాయక తప్పడం లేదు.

నేనూ మా అన్నా కవలలం. అచ్చు గుద్దినట్టు ఉంటాం. ఎప్పుడో సరదాకి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే ఏకరూప కవలలమే అని తేలింది కూడా. వాడు నాకంటే పదకొండు నిమిషాలు పెద్ద. ఇప్పుడు మాకు 39. పోయిన నెల నాకు షుగర్ అని బయటపడింది. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు (HbA1c) 7.4 ఉంది. "మీ నాన్నగారికి ఉంది కదా, జన్యువులండీ, ఏం చేస్తాం" అన్నారు డాక్టరుగారు.

నాన్నకి ఉన్న మాట నిజమే. కానీ ఆ జన్యువులే మా అన్న దగ్గరా ఉన్నాయి కదా! వాడు గుండ్రాయిలా ఉన్నాడు. పైగా నాకంటే వాడే నాలుగు కిలోలు ఎక్కువ. ఇద్దరివీ కూర్చుని చేసే ఉద్యోగాలే, ఇద్దరికీ సిగరెట్టూ మందూ లేవు.

ఎంత వెతికినా ఒక్క తేడా దొరికింది. అమ్మ దాచిన పాత ఆసుపత్రి కాగితంలో వాడి పుట్టిన బరువు 2.5 కిలోలు, నాది 1.6. నన్ను మూడు వారాలు ఇంక్యుబేటర్‌లో పెట్టారట. 39 ఏళ్ల కిందటి బరువుకీ ఇప్పటి షుగర్‌కీ లింకు ఉంటుందా, లేక నాకు పనిలేక ఇవన్నీ తవ్వుతున్నానా?

కిటికీ_పక్కసీటు

బ్రో, మీ అన్న జిమ్‌కి వెళ్తాడేమో, మీకు తెలియకుండా 🙂

రెండోవాడు

వాడా? లిఫ్ట్ పాడైతే ఆఫీసుకి సెలవు పెట్టే రకం.

రాత్రి_డ్యూటీ

నేను నెలలు నిండని పిల్లల వార్డులో నర్సుని, పద్నాలుగేళ్లుగా. మీ ప్రశ్నలో "ఒకే కడుపు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కడుపు ఒకటే కావచ్చు, కానీ మీ ఇద్దరికీ దక్కింది ఒకటి కాదు.

ఏకరూప కవలల్లో మూడింట రెండు వంతుల మందికి పైగా ఒకే మావిని (ప్లాసెంటాని) పంచుకుంటారు. ఆ పంపకం సమానంగా ఉండాలని ఎక్కడా రాసి లేదు. ఒకరి బొడ్డుతాడు మావి మధ్యలో అతుక్కుంటుంది, ఇంకొకరిది అంచున ఎక్కడో. మధ్యలో ఉన్నవాడికి పెద్ద వాటా, అంచున ఉన్నవాడికి మిగిలింది. రెండు తాళ్ల మధ్య రక్తనాళాలు కలిసిపోయి ఒకరి రక్తం ఇంకొకరికి మళ్లే సందర్భాలూ ఉంటాయి. బరువులో 900 గ్రాముల తేడా అంటే చిన్నది కాదు. పెద్దవాడి బరువులో మూడో వంతు కన్నా ఎక్కువే తగ్గింది. 20–25 శాతం దాటితేనే మేం జాగ్రత్త పడతాం.

అంటే మీ ఇద్దరికీ జన్యువులు ఒకటే, తల్లి ఒకరే, తేదీ ఒకటే. అందిన ఆహారం, ఆక్సిజన్ మాత్రం వేరు. అప్పుడే అవయవాలు కట్టుకుంటున్నాయి కదా. కిడ్నీనే తీసుకోండి. రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు దాదాపు 36వ వారానికల్లా తయారవడం ఆగిపోతాయి. ఆ తర్వాత మనిషి వందేళ్లు బతికినా కొత్తది ఒక్కటీ పుట్టదు. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షలు ఉంటాయంటారు గానీ మనిషికీ మనిషికీ లక్షల్లో తేడా ఉంటుంది. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకి తక్కువ ఉండే అవకాశం ఎక్కువ. అందుకే షుగర్‌తో పాటు బీపీ కూడా చూపించుకోండి.

పాత_కాగితాలు

రెండోవాడు గారూ, మీరు పనిలేక తవ్వడం లేదు. సరిగ్గా ఇలాంటి పాత కాగితాలు తవ్వే ఒక శాస్త్రవేత్త పెద్ద దుమారం రేపాడు.

ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లా ఉంది. 1911 నుంచి అక్కడ ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆవిడ ఆధ్వర్యంలో నర్సులు, మంత్రసానులు పుట్టిన ప్రతి బిడ్డ బరువూ రిజిస్టర్లో రాశారు. ఏడాది నిండాక మళ్లీ ఇంటికి వెళ్లి తూచారు. ఆ రిజిస్టర్లు దశాబ్దాల పాటు దుమ్ము కొట్టుకుపోయాయి. 1980ల్లో సౌతాంప్టన్‌కి చెందిన డేవిడ్ బార్కర్ బృందం వాటిని పట్టుకుంది. ఆ పిల్లలు అప్పటికి ముసలివాళ్లు, కొందరు పోయారు. ఎవరు దేనివల్ల పోయారో జత చేసి చూశారు. 1911–30 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్ల వివరాలు 1989లో అచ్చయ్యాయి. తక్కువ బరువుతో పుట్టి, ఏడాదికీ తక్కువగానే ఉన్నవాళ్లలో గుండెజబ్బు చావులు ఎక్కువ.

అప్పటిదాకా గుండెజబ్బు అంటే నడివయసులో తిన్నదీ తాగినదీ కాల్చిందీ అనే లెక్క. బార్కర్ వచ్చి, కథ ఇంకా ముందే మొదలైంది అన్నాడు. చాలామంది నవ్వారట. మా ఇంట్లో తాతగారి డైరీలు పారేద్దామన్నప్పుడల్లా నేను చెప్పే కథ ఇదే, ఎవరూ వినరు.

అనుమానపు_పక్షి

కథ బాగుంది. ఇప్పుడు నీళ్లు పోస్తాను, తిట్టకండి.

ఒకటి. 1911లో తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు ఎవరి ఇళ్లలో పుట్టారు? పేదల ఇళ్లలో. వాళ్లు ఆ తర్వాత కూడా పేదగానే పెరిగారు, గాలి చొరబడని గదుల్లో ఉన్నారు, బరువు పనులు చేశారు, ఎక్కువ కాల్చారు. గుండె ఆగింది పుట్టిన బరువు వల్లనా, ఆ తర్వాతి అరవయ్యేళ్ల వల్లనా?

రెండు. ఇది ఇంకా మెలిక. బిడ్డ చిన్నగా పుట్టడానికీ పెద్దయ్యాక షుగర్ రావడానికీ ఒకే జన్యువు కారణం కావచ్చు. కడుపులో బిడ్డ పెరగడానికి ముఖ్యమైన హార్మోన్లలో ఇన్సులిన్ ఒకటి, బిడ్డ సొంత ఇన్సులిన్. 1998లో బ్రిటన్‌లో ఆండ్రూ హ్యాటర్స్‌లీ వాళ్లు గ్లూకోకైనేజ్ అనే జన్యువులో లోపం ఉన్న కుటుంబాలను చూశారు. బిడ్డకి ఆ లోపం వస్తే బరువు సుమారు అర కిలో తగ్గింది. తల్లికి లోపం ఉండి బిడ్డకి రాకపోతే, తల్లి రక్తంలో చక్కెర ఎక్కువ కాబట్టి బిడ్డ సుమారు అర కిలో పెరిగింది. ఇద్దరికీ ఉంటే? దానికీ దీనికీ చెల్లు, మామూలు బరువు. ఇక్కడ "తక్కువ బరువు వల్ల షుగర్" అంటే తప్పు కదా. రెండూ ఒకే చెట్టు కాయలు.

కాబట్టి పుట్టిన బరువు చూసి జాతకం రాయకండి.

రాత్రి_డ్యూటీ

పక్షిగారూ, రెండో పాయింటు నాకు కొత్త, థాంక్స్. కానీ ఈయన విషయంలో అది అతకదు కదా? ఇద్దరివీ ఒకే జన్యువులు. జన్యువు వల్ల చిన్నగా పుడితే ఇద్దరూ చిన్నగా పుట్టాలి.

అనుమానపు_పక్షి

ఒప్పుకుంటున్నాను. అందుకే ఏకరూప కవలలంటే ఈ రంగంలో వాళ్లకి అంత మోజు. డెన్మార్క్‌లో కవలల రిజిస్టర్ ఉంది. ఒకరికి షుగర్ ఉండి ఇంకొకరికి లేని ఏకరూప జంటలను అందులోంచి ఏరి 1997లో చూశారు. షుగర్ ఉన్న కవల సగటున తక్కువ బరువుతో పుట్టినవాడే. జంటలు చాలా తక్కువ కాబట్టి నేను దాని మీద ఇల్లు కట్టను. కానీ జన్యువుల వాదన అక్కడ నిలబడదు, పేదరికం వాదనా నిలబడదు. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు మరి.

రెండోవాడు గారి కేసు దానికి నకలులా ఉంది.

రెండోవాడు

నకలు అనిపించుకోవడం నాకు అలవాటే, పుట్టినప్పట్నుంచీ అదే పని.

సరే, అయితే ఎంత శాతం జన్యువులు, ఎంత శాతం కడుపులో పడిన దెబ్బ? ఎవరైనా లెక్క చెప్పగలరా?

లెక్కల_మేష్టారు

పిలవకుండానే వచ్చాను. ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఎవరికీ తెలియక కాదు. ప్రశ్నే అలా కుదరదు.

పొలం వైశాల్యంలో పొడవు వాటా ఎంత, వెడల్పు వాటా ఎంత అని అడిగితే ఏం చెబుతాం? రెండూ గుణకారంలో ఉన్నాయి. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ఫినైల్‌కీటోనూరియా, పీకేయూ అంటారు. 1934లో నార్వేలో ఒక తల్లి, బుద్ధి ఎదగని తన ఇద్దరు పిల్లల్ని తీసుకుని డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి అస్‌బ్యోర్న్ ఫోలింగ్ దగ్గరికి వెళ్లింది. ఆయన మూత్రం పరీక్షించి, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని వాళ్ల శరీరం విరగ్గొట్టలేకపోతోందని పట్టుకున్నాడు. ఇది పూర్తిగా జన్యువుల జబ్బు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న కాపీ వస్తేనే వస్తుంది. నూటికి నూరు శాతం జన్యువులు అందామా? కానీ 1950ల్లో హోర్స్ట్ బికెల్, ఆ అమైనో ఆమ్లం తగ్గించిన ఆహారం పెట్టి చూపించాడు. 1960ల్లో రాబర్ట్ గుత్రీ, పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన ఒక్క రక్తపు చుక్కతో పట్టుకునే పరీక్ష తెచ్చాడు. మొదటి రోజుల్లోనే ఆ ఆహారం మొదలుపెట్టిన బిడ్డ అందరిలాగే చదువుకుని ఉద్యోగం చేస్తాడు. అదే జన్యువు, అదే లోపం. మారింది పళ్లెం. మరి నూటికి నూరు శాతం పరిసరాలు అందామా?

పుస్తకాల్లో "హెరిటబిలిటీ 80 శాతం" లాంటి మాటలు కనిపిస్తాయి. అది ఒక గుంపులో మనుషుల మధ్య తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో కలిసి నడుస్తోందన్న లెక్క. ఒక్క మనిషికి దాన్ని పెట్టడం తప్పు. ఎత్తుకి అది దాదాపు 80 శాతం అంటారు. అయినా ఎన్నో దేశాల్లో మనవలు తాతల కంటే చాలా పొడుగయ్యారు. జన్యువులు రెండు తరాల్లో మారవు కదా.

కిటికీ_పక్కసీటు

మేష్టారూ, పొలం ఉదాహరణ అదిరింది. చిన్నప్పుడు మీలాంటి సారు ఉంటే లెక్కల్లో తప్పేవాణ్ణి కాదు. (ఇది జన్యువులా, పరిసరాలా?)

లెక్కల_మేష్టారు

బద్ధకం.

తొమ్మిదో_నెల

ఈ థ్రెడ్ చదువుతుంటే నాకు గుండె దడగా ఉంది. నాకు ఇప్పుడు 33వ వారం. స్కాన్‌లో బిడ్డ బరువు కాస్త తక్కువగా ఉందన్నారు. మొదటి మూడు నెలలూ వాంతులతో నేను ఏమీ తినలేకపోయాను. ఆఫీసు టెన్షన్ ఒకటి. అంటే నా బిడ్డకి నలభై ఏళ్లకి వచ్చే జబ్బు నేను ఇప్పుడే రాసేశానా? ఎవరినీ అనడం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

రాత్రి_డ్యూటీ

అమ్మా, ముందు కూర్చుని నీళ్లు తాగు. నిన్ను నువ్వు అని పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకు, నా చెల్లి వయసుంటుంది నీకు.

మొదటి నెలల్లో వాంతులు చాలా మామూలు. ఆ సమయంలో బిడ్డ పెసరగింజంత నుంచి నిమ్మకాయంత ఉంటుంది. దానికి కావాల్సిన శక్తి చాలా కొంచెం, నీ ఒంట్లోని నిల్వల నుంచి తీసుకుంటుంది. స్కాన్ బరువు అంచనా మాత్రమే, పది శాతం అటూ ఇటూ పోవడం మామూలు. "కాస్త తక్కువ" అన్నదాన్ని డాక్టర్లు ఎలా చూస్తారంటే, బిడ్డ తన గీత మీద తాను పెరుగుతోందా, బొడ్డుతాడులో రక్తం బాగా పారుతోందా అని. చిన్న బిడ్డలందరూ ఆకలితో ఉన్న బిడ్డలు కారు. కొందరు చిన్నగా పుట్టాల్సినవాళ్లే, వాళ్ల అమ్మానాన్నల్లాగా. ఆ రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ గురించి అడుగు, చెప్పిన తేదీలు తప్పకు, కదలికలు తగ్గాయనిపిస్తే అదే రోజు వెళ్లు, తెల్లారేదాకా ఆగొద్దు.

నలభై ఏళ్ల సంగతి నలభై ఏళ్లలో చూసుకుందాం.

పాత_కాగితాలు

తొమ్మిదో_నెల గారూ, నేను చెప్పిన బార్కర్ కథ మిమ్మల్ని భయపెట్టి ఉంటే క్షమించండి. ఆ పరిశోధనలు లోకంలోకి వచ్చేటప్పటికి ఒక పాడు మలుపు తిరిగాయి. "తల్లి ఏం తింది, ఎంత కంగారు పడింది" అనే ప్రశ్నలే మిగిలాయి. తండ్రి పొగ, ఇంటి గాలి, ఆవిడకి సెలవు ఇవ్వని ఆఫీసు, ఊళ్లో ఆసుపత్రి ఉందా లేదా అన్నవి వెనక్కి పోయాయి. అసలు సంగతి చూస్తే పెద్ద ప్రభావాలు బయటపడినవి కరువుల్లో, యుద్ధాల్లో.

1944–45 చలికాలంలో నెదర్లాండ్స్ పశ్చిమ భాగానికి జర్మన్ సైన్యం ఆహారం రాకుండా ఆపేసింది. మనిషికి రోజుకి 400 నుంచి 800 క్యాలరీలకి రేషన్ పడిపోయింది. ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. 1945 మే నాటికి విముక్తి, వెంటనే తిండి. మొదలూ చివరా ఇంత కచ్చితంగా తెలిసిన కరువు కాబట్టి, ఎవరు కడుపులో ఏ నెలలో ఉండగా ఆకలి పడిందో లెక్క కట్టగలిగారు. చివరి నెలల్లో పడినవాళ్లు తక్కువ బరువుతో పుట్టారు. మొదటి నెలల్లో పడినవాళ్లు మామూలు బరువుతోనే పుట్టారు, కానీ నడివయసులో గుండెజబ్బు, ఊబకాయం వాళ్లలో ఎక్కువ కనిపించాయి. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు దాదాపు రెట్టింపు.

ఇందులో నాకు ఆసక్తి కలిగించేది ఆ మధ్య వాక్యం. బరువు మామూలే, ప్రభావం మాత్రం ఉంది. అంటే తూకం అనేది పైకి కనిపించే గుర్తు మాత్రమే. లోపల ఏం జరిగిందో తూకం మొత్తం చెప్పదు.

అనుమానపు_పక్షి

పాత_కాగితాలు గారు రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరం సంగతి చెప్పరేమిటి? 872 రోజుల ముట్టడి, నెదర్లాండ్స్ కంటే ఘోరం. ఆ సమయంలో కడుపులో ఉన్నవాళ్లని పెద్దయ్యాక పరీక్షించి 1997లో రాశారు. షుగర్‌లో తేడా కనబడలేదు.

పాత_కాగితాలు

చెబుదామనే ఉన్నాను, మీరు ముందే పట్టేశారు. దానికి కొందరిచ్చే వివరణ నాకు సబబుగా అనిపిస్తుంది. నెదర్లాండ్స్ పిల్లలు కరువులో కడుపున పడి, పుట్టాక సమృద్ధిలో పెరిగారు. లెనిన్‌గ్రాడ్ పిల్లలకి పుట్టాక కూడా చాలాకాలం కొరతే. లోపల కొరతకి సర్దుకున్న శరీరానికి బయట కూడా కొరతే ఎదురైంది. పొంతన చెడలేదు.

రాత్రి_డ్యూటీ

అదే మా వార్డులో రోజూ నలిగే విషయం. చిన్నగా పుట్టిన బిడ్డ బరువు వేగంగా పెరిగితే ఇంట్లో అందరికీ పండగ. నెలలు నిండని పిల్లలకి మెదడు ఎదుగుదల కోసం అది కొంతవరకు కావాలి కూడా. కానీ ఆ తర్వాత, రెండు మూడేళ్లు దాటాక, కొవ్వు రూపంలో వేగంగా పెరిగితే అది మంచిది కాదని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. రెండోవాడు గారూ, చిన్నప్పుడు మిమ్మల్ని బాగా కుక్కారా?

రెండోవాడు

కుక్కడమా! "పాపం చిన్నవాడు" అని నాకు ఎప్పుడూ రెండో వడ్డన. అయిదో తరగతికల్లా అన్నని దాటేశాను. ఫొటోల్లో నేనే పెద్దవాడిలా ఉంటాను.

లెక్కల_మేష్టారు

ఇది కూడా చూడండి. పూణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1990ల నుంచి తల్లుల్నీ పిల్లల్నీ వెంబడిస్తోంది. అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు, సౌతాంప్టన్ పిల్లలు 3.5. కండ, పొట్టలోని అవయవాలు అన్నీ చిన్నవే, కానీ చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. "సన్నని లావు బిడ్డ" అని పేరు పెట్టారు. యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) ఒకటే, 22. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2.

అందుకే "అన్న నాలుగు కిలోలు ఎక్కువ" అన్నది నన్ను ఒప్పించలేదు. ఆ నాలుగు కిలోలు కండ అయితే? చక్కెరని వాడుకునేదీ దాచుకునేదీ ఎక్కువగా కండే. చిన్నగా పుట్టినవాళ్లకి కండ తక్కువ, దానితో పాటు ఇన్సులిన్ తయారుచేసే క్లోమకణాలు కూడా తక్కువ ఉండొచ్చు. ఇద్దరూ నడుము కొలుచుకుని రాయండి.

కిటికీ_పక్కసీటు

ఎపిజెనెటిక్స్ అని ఎవరూ అనలేదేంటి ఇంకా? నేను ఒక వీడియోలో చూశాను, తాత ఆకలి మనవడి డీఎన్‌ఏలో రాసి ఉంటుందట. ధ్యానంతో దాన్ని చెరిపేయొచ్చట. కోర్సు కూడా ఉంది.

అనుమానపు_పక్షి

వచ్చేసింది. దీనికోసమే ఎదురుచూస్తున్నాను.

కోర్సు కొనకు తమ్ముడూ. ఉన్నది ఇంతే. డీఎన్‌ఏ అక్షరాలు మారవు, వాటి మీద మిథైల్ గుంపులనే చిన్న రసాయన గుర్తులు అతుక్కుంటాయి. ఏ జన్యువు ఎంత పని చేయాలో నిర్ణయించడంలో వాటికి పాత్ర ఉంది. కాలేయ కణానికీ మెదడు కణానికీ డీఎన్‌ఏ ఒకటే అయినా పనులు వేరుగా ఉండటానికి ఇలాంటి ఏర్పాట్లే కారణం. ఇది గట్టి శాస్త్రం. నెదర్లాండ్స్ కరువు కాలంలో కడుపున పడినవాళ్లని అరవై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే ఐజీఎఫ్2 అనే ఎదుగుదల జన్యువు మీద ఆ గుర్తులు, కరువు తగలని వాళ్ల అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లతో పోలిస్తే తక్కువ ఉన్నాయి. ఇదీ నిజమే, 2008లో వచ్చింది. తేడా ఎంత? సుమారు 5 శాతం. అదీ రక్తకణాల్లో. ఆ 5 శాతమే జబ్బు తెచ్చిందని ఎవరూ నిరూపించలేదు.

ఎలుకల్లో ఇంకా స్పష్టంగా ఉంది. మాంట్రియల్‌లో మైఖేల్ మీనీ, మోషే జిఫ్ 2004లో చూపించారు. పిల్లల్ని బాగా నాకి శుభ్రం చేసే తల్లి దగ్గర పెరిగిన ఎలుకలకి ఒత్తిడి వచ్చినా తొందరగా సర్దుకుంటాయి, మెదడులో ఒత్తిడి హార్మోన్‌ని అందుకునే ఒక రిసెప్టర్ జన్యువు మీద గుర్తులు వేరు. పిల్లల్ని మార్చి పెంచితే గుర్తులు కన్నతల్లిని కాక పెంచిన తల్లిని బట్టి వచ్చాయి. చాలా అందమైన ప్రయోగం. అయినా అది ఎలుక. మనుషుల్లో తాత నుంచి మనవడికి ఈ గుర్తులు దిగుతాయనడానికి ఆధారం పలచన, ఎందుకంటే వీర్యకణం, అండం తయారయ్యేటప్పుడూ, పిండం మొదటి రోజుల్లోనూ వీటిలో చాలావాటిని శరీరమే చెరిపేసి మళ్లీ రాస్తుంది.

రెండోవాడు

నిన్న ఒకటి జరిగింది, ఇక్కడ రాయాలో వద్దో అనుకుంటూ రాస్తున్నాను. అమ్మకి ఫోన్ చేసి, నా పుట్టిన బరువు గురించీ ఇదంతా గురించీ చెప్పాను, ఉత్సాహంగానే. అవతల నిశ్శబ్దం. తర్వాత "నేను సరిగ్గా తినలేదురా అప్పట్లో, కవలలని ఏడో నెలదాకా తెలియదు" అంది. రాత్రంతా నిద్రపోలేదట. పొద్దున నాన్న ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు.

ఆవిడకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

రాత్రి_డ్యూటీ

నేను పైన రాసింది ఆవిడకి చదివి వినిపించండి. ఆవిడ తిన్నదే మీ అన్నకీ వెళ్లింది, వాడు రెండున్నర కిలోలు పుట్టాడు. తేడా వచ్చింది బహుశా బొడ్డుతాడు ఎక్కడ అతుక్కుందన్న దగ్గర. దాన్ని ఆవిడా ఆపలేరు, ఆ రోజుల్లో డాక్టరూ ఆపలేడు, ఇప్పటికీ చాలావరకు చూస్తూ సమయానికి ప్రసవం చేయడమే మా చేతిలో ఉన్నది. 1.6 కిలోల బిడ్డని ఆ కాలంలో బతికించి ఇంటికి తెచ్చుకున్నారంటే ఆవిడ ఎన్ని రాత్రులు మేలుకున్నారో నాకు తెలుసు. రోజూ చూస్తాను అలాంటివాళ్లని.

తొమ్మిదో_నెల

ఇది చదివి నేనూ ఏడ్చాను. డాప్లర్ చేయించాను. రక్తం బాగానే పారుతోందట.

లెక్కల_మేష్టారు

శుభం తల్లీ.

ఇక, ముందే అంతా అయిపోయిందనుకునే వాళ్ల కోసం రెండు సంగతులు. బ్రిటన్‌లో యుద్ధకాలపు చక్కెర రేషన్ 1953 సెప్టెంబరులో ఎత్తేశారు, వాడకం ఇంచుమించు రెట్టింపైంది. ఆ తేదీకి కాస్త ముందూ కాస్త తర్వాతా పుట్టినవాళ్లని పోల్చి 2024లో రాశారు. కడుపులోనూ మొదటి రెండేళ్లలోనూ రేషన్ కింద ఉన్నవాళ్లకి టైప్ 2 షుగర్ ముప్పు సుమారు 35 శాతం, బీపీ ముప్పు సుమారు 20 శాతం తక్కువ. జన్యువులు ఒక నెలలో మారవు కాబట్టి ఈ పోలిక నాకు నచ్చింది. మొదటి వెయ్యి రోజులకి బలం ఉంది, ఒప్పుకోవాల్సిందే.

రెండోది పెద్దవాళ్లది. షుగర్ అంచున ఉన్న మూడు వేల మందికి పైగా జనం మీద అమెరికాలో చేసిన ప్రయోగం 2002లో వచ్చింది. ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం లక్ష్యం. మూడేళ్లలో షుగర్‌గా మారడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో 31 శాతం. జన్యు ముప్పు ఎక్కువున్నవాళ్లకీ ఆ పద్ధతి పనిచేసిందని తర్వాత చూశారు.

అనుమానపు_పక్షి

మొదటిసారి మేష్టారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, తేదీ రాసుకోండి. ఒక్క చేర్పు. రెండోవాడు గారి అన్నగారు గుండ్రాయిలా ఉన్నారని ఎవరు చెప్పారు? పరీక్ష చేయించుకున్నారా? ఏకరూప కవలల్లో ఒకరికి టైప్ 2 వస్తే ఇంకొకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంటుందని చెబుతారు. జన్యువుల్ని మనం ఇందాకటి నుంచి మరీ పక్కన పెట్టేశాం. టైప్ 2కి సంబంధించి వందల చోట్ల చిన్న చిన్న తేడాలు దొరికాయి, అవన్నీ ఇద్దరి దగ్గరా ఉన్నాయి.

రెండోవాడు

వాడిని లాక్కెళ్లడానికి ఆరు రోజులు పట్టింది. రిపోర్టు వచ్చింది.

వాడి మూడు నెలల సగటు 6.1. షుగర్ కాదు, అంచు. నడుము ఇద్దరిదీ దాదాపు ఒకటే, నాది ఒక సెంటీమీటరు ఎక్కువ. బీపీ నాకు 138/88, వాడికి మామూలు.

లెక్కల_మేష్టారు

చూశారా. ఇద్దరూ ఒకే దారిలో ఉన్నారు, మీరు కొంచెం ముందు నడుస్తున్నారు. ఆ కొంచెం ఎక్కడిదో కచ్చితంగా మాత్రం ఎవరూ చెప్పలేరు.

రాత్రి_డ్యూటీ

మీకు బీపీ కూడా అంచులో ఉంది. కిడ్నీల పరీక్ష అడగండి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని చూస్తారు. డాక్టరుకి పుట్టిన బరువు 1.6 అని తప్పకుండా చెప్పండి. చాలామంది అడగరు, మనమే చెప్పాలి.

రెండోవాడు

చెప్పాను. ఫైల్లో రాసుకున్నారు. "ఎవరూ చెప్పరండీ ఇది" అన్నారు.

సోమవారం నుంచి ఇద్దరం పొద్దున్నే నడుస్తున్నాం. వేర్వేరు ఊళ్లు కాబట్టి ఫోన్‌లో మాట్లాడుకుంటూ. మొదటి రోజు ఇరవై నిమిషాలకే వాడికి ఆయాసం, నేను నలభై నడిచాను. అమ్మకి చెబితే నవ్వింది. పదకొండు నిమిషాలు పెద్దవాడివి కదా, పెద్దరికం చూపించు అని వాడిని ఆటపట్టిస్తోంది. వాడు మాత్రం "కడుపులో కూడా నీ వాటా నేనే తిన్నానని నిరూపించడానికే ఈ థ్రెడ్ పెట్టావు కదరా" అని తిడుతున్నాడు.

కిటికీ_పక్కసీటు

తిన్నాడు కదా మరి!